చివరి పుటలోని చిరునామాలు



గత వార్షిక సంచిక చివరి పుటలో మేము ఒక జాబితా వేసిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పదో తరగతి దాటిన పిల్లలకు అందే స్కాలర్‌షిప్‌ల వెబ్ చిరునామాలవి. పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్, బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చేది, ప్రైవేటు ట్రస్టులు ఇచ్చేవి, అన్నీ కలిపి ముప్పైకి పైగా ఉన్నాయి. ధర్పల్లిలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ చాలా ఇళ్ళలో ఆ పుట చింపి గోడకు అంటించుకున్నారు. బీడీలు చుట్టే తల్లులు కూర్చునే చోట, ఆకుల చాట పక్కనే ఆ కాగితం చూసి మేము సంతోషించాం.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. ఒక తండ్రి ఆ పుటను మడిచి జేబులో పెట్టుకుని మా దగ్గరకు వచ్చాడు. "సార్, మీరిచ్చిన అడ్రసులనే నింపినం. ఆధార్ నంబరు, బ్యాంకు నంబరు అన్నీ ఇచ్చినం. రిజిస్ట్రేషన్ ఫీజు అంటే ఆరు వందలు కట్టినం. ఇప్పుడు ఫోన్ ఎత్తుతలేరు" అన్నాడు. కంప్యూటర్ ముందు కూర్చుని ఆ చిరునామా కొట్టి చూశాం. మేము అచ్చు వేసినదానిలో అక్షరం తప్పు లేదు. తెరుచుకున్న పేజీ మాత్రం ఆ ట్రస్టుది కాదు. గడువు తీరిన వెబ్ పేరును ట్రస్టు వాళ్ళు మళ్ళీ డబ్బు కట్టి నిలుపుకోలేదు. అలా వదిలేసిన పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు. ఎవరో కొనుక్కుని, అక్కడికి వచ్చిన వాళ్ళందరినీ తమ పేజీకి మళ్ళిస్తున్నారు.

వెంటనే సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేయించాం, బ్యాంకులో చెప్పించాం. ఆరు వందలు మేమే సర్దాం. కానీ పోతూ పోతూ ఆయన అడిగిన మాట మాత్రం మా దగ్గరే ఉండిపోయింది: "చూడకుండనే అచ్చేసిన్రా సార్?" చూశాం. అచ్చుకు ముందు ప్రతి చిరునామా తెరిచి చూశాం. అచ్చయిన తరువాత చూడలేదు.

ఆ 'తరువాత చూడటం' కోసమే మన కంప్యూటర్ తరగతి పిల్లలు ఈ ఏడాది ఒక చిన్న ప్రోగ్రాం రాశారు. మీరిచ్చిన విరాళాలతో కొన్న కంప్యూటర్ల మీదే రాశారు. అది రోజూ రాత్రి జాబితాలోని ప్రతి చిరునామాకు వెళ్ళి, ఏది సరిగా ఉందో, ఏది దారి మారిందో, ఏది మూతపడిందో రాసి పెడుతుంది. వినడానికి ఒక పూట పని అనిపిస్తుంది. మాకు ఒక వేసవి పట్టింది. ఎందుకు పట్టిందో మీకు చెప్పాలి. ఫోన్‌లో లింకు నొక్కే ప్రతివారికీ ఇందులో పనికొచ్చే సంగతి ఉంది కాబట్టి కంప్యూటర్ తెలియని వారికి కూడా అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాం.

ఉత్తరం, కవరు

ఫోన్‌లో ఒక చిరునామా నొక్కినప్పుడు జరిగేది ఉత్తర ప్రత్యుత్తరమే. మన ఫోన్ "ఫలానా పేజీ పంపండి" అని ఒక ఉత్తరం రాస్తుంది. అవతల ఉన్న కంప్యూటర్, అంటే సర్వర్, జవాబు రాస్తుంది. ఈ ఉత్తరాలు ఎలా రాయాలో చెప్పే నియమాలనే హెచ్‌టీటీపీ అంటారు. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్ లీ 1989లో వెబ్ గురించి తొలి ప్రతిపాదన రాశారు. ఆయన మొదలుపెట్టిన ఈ ఉత్తరాల పద్ధతికి 1996లో తొలి నియమ పత్రం వెలువడింది.

ఉత్తరం లోపల విషయం ఉంటుంది, కవరు మీద వివరాలు ఉంటాయి. మన జిల్లా నుంచి గల్ఫ్‌కు వెళ్ళిన వాళ్ళ ఉత్తరాలు ఒకప్పుడు ఇంటింటికీ వచ్చేవి. కవరు చూడగానే ఎవరు రాశారో, ఏ దేశం నుంచి వచ్చిందో, రిజిస్టరు పోస్టో కాదో విప్పకుండానే తెలిసేది. వెబ్ ఉత్తరానికి కూడా అలాంటి కవరు రాతలు ఉంటాయి. వాటిని హెడర్లు అంటారు. నేను ఎవరిని, నాకు ఏ భాష కావాలి, ఏ పేజీ నుంచి వస్తున్నాను, నా దగ్గర ఏ అనుమతి ఉంది అనేవి ఒక్కొక్కటి ఒక్కో వరుసలో ఉంటాయి. ఏ పేజీ నుంచి వచ్చామో చెప్పే హెడర్ పేరు 'రెఫరర్'. ఆ ఇంగ్లీషు మాట నడుమ రెండు 'ర'లు ఉండాలి. 1996 పత్రంలో ఒకటి జారిపోయింది. ఆ తప్పు స్పెల్లింగే నేటికీ ప్రపంచమంతా నడుస్తోంది. ఒకసారి అచ్చయిన తప్పు ఎంత దూరం పోతుందో పిల్లలకు చెప్పడానికి మాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు. మా చివరి పుట కూడా గుర్తుకొచ్చింది.

నువ్వెవరు అని అడిగితే

పిల్లలు ప్రోగ్రాంను పైథాన్ భాషలో రాశారు. మొదటి రాత్రి నడిపితే జాబితాలో కొన్ని సైట్లు 403 అనే జవాబు ఇచ్చాయి. "నీకు ప్రవేశం లేదు" అని దానర్థం. అదే చిరునామా ఫోన్‌లో కొడితే చక్కగా తెరుచుకుంది. పిల్లలు తలలు పట్టుకున్నారు.

కారణం కవరు మీదే ఉంది. 'యూజర్ ఏజెంట్' అనే హెడర్‌లో అడిగేవారు తమ పేరు చెప్పుకోవాలి. మనం ఏ పేరూ ఇవ్వకపోతే పైథాన్ తన పేరే రాసి పంపుతుంది. రాత్రింబవళ్ళు సైట్లను దోచే ప్రోగ్రాములు కూడా ఆ పేరుతోనే వస్తాయి కాబట్టి కొందరు ఆ పేరు చూడగానే తలుపు వేసేస్తారు. ఒక అబ్బాయి చిటికెలో ఉపాయం కనిపెట్టాడు. క్రోమ్ బ్రౌజర్ రాసే పేరు తెచ్చి మన కవరు మీద అతికించాడు. తలుపులు తెరుచుకున్నాయి. తరగతి చప్పట్లు కొట్టింది.

మేము చప్పట్లు కొట్టలేదు. నిజానికి ఈ వేషాలు పాతవే. ఒకప్పుడు సైట్లు నెట్‌స్కేప్ బ్రౌజర్‌కు మాత్రమే మంచి పేజీ పంపేవి. ఆ బ్రౌజర్ తన పేరు 'మొజిల్లా' అని రాసేది. మిగతా బ్రౌజర్లు కూడా తామూ మొజిల్లా అని రాయడం మొదలుపెట్టాయి. ఇప్పటికీ దాదాపు అన్ని బ్రౌజర్ల కవరు మీద మొదటి మాట అదే. అయినా అందరూ వేషం వేస్తున్నారు కాబట్టి మనమూ వేద్దాం అనడం బడిలో నేర్పే పాఠం కాదు. వికీపీడియాను నడిపే సంస్థ తన సైట్లకు వచ్చే ప్రోగ్రాములను స్పష్టంగా అడుగుతుంది: నీ పేరు చెప్పు, నిన్ను సంప్రదించే దారి చెప్పు. మా పిల్లలు కూడా అలాగే మార్చారు. మన తరగతి పేరు, లింకులు సరిచూసే ప్రోగ్రాం అన్న మాట, ఒక ఈమెయిలు రాశారు. ఒక్కో సైటుకు రాత్రికి ఒక్కసారే వెళ్ళాలని, ఒక ప్రశ్నకూ ఇంకో ప్రశ్నకూ మధ్య కొన్ని క్షణాలు ఆగాలని నియమం పెట్టుకున్నారు. చాలా తలుపులు తెరుచుకున్నాయి. తెరుచుకోనివి రెండు మూడు మిగిలాయి. వాటిని ఒక అమ్మాయి వారానికొకసారి స్వయంగా తెరిచి చూస్తుంది.

పోస్ట్‌మ్యాన్ కొట్టివేసి రాసినట్టు

ఇక అసలు విషయానికి వస్తాం. మనం అడిగిన పేజీ అక్కడ లేకపోతే సర్వర్ "ఇక్కడ లేదు, ఫలానా చోటికి వెళ్ళండి" అని జవాబు ఇవ్వగలదు. దీన్ని రీడైరెక్ట్ అంటారు. తెలుగు వికీపీడియాలో ఇలాంటిదానికి 'దారిమార్పు' అనే చక్కని మాట వాడుతున్నారు. మేమూ అదే వాడతాం. పోస్ట్‌మ్యాన్ పాత చిరునామా కొట్టివేసి కొత్తది రాసినట్టే ఇది. తేడా ఒక్కటే. ఇక్కడ పోస్ట్‌మ్యాన్ తీసుకెళ్ళడు, మనమే మళ్ళీ రాసుకోవాలి. ఫోన్ ఆ పని కన్ను మూసి తెరిచేలోగా చేసేస్తుంది. అందుకే దారి మారిన సంగతి మనకు తెలియదు.

దారిమార్పులన్నీ ఒకటి కావు. 301 అంటే శాశ్వతంగా మారింది అని. 2016 అక్టోబరు 11న కామారెడ్డి వేరే జిల్లా అయింది. అక్కడి వాళ్ళు ఆ రోజు నుంచి చిరునామాలో జిల్లా పేరు మార్చి రాసుకోవాల్సి వచ్చింది. 301 వస్తే మన జాబితాలో కూడా పాతది తీసేసి కొత్తది రాయాలి. 302 అంటే ఇప్పటికి మాత్రం అక్కడికి వెళ్ళండి అని. బడికి మరమ్మతులు జరుగుతుంటే రెండు నెలలు ఫంక్షన్ హాలులో తరగతులు పెడతాం. అంతమాత్రాన టీసీ మీద ఫంక్షన్ హాలు చిరునామా రాయం. 302 వస్తే జాబితాలో పాత చిరునామానే ఉంచాలి. మేము మొదట ఈ తేడా పట్టించుకోక, తాత్కాలిక చిరునామాలు కొన్నింటిని జాబితాలోకి ఎక్కించాం. వారం తిరగకుండా అవి పని చేయడం మానేశాయి.

దారే లేనివి ఇంకో రెండు ఉన్నాయి. 404 అంటే ఆ పేజీ ఇక్కడ లేదు, అంతకన్నా మాకు తెలియదు అని. 410 అంటే ఇక్కడ ఉండేది, ఇప్పుడు తీసేశాం అని. బోధన్‌లో షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అక్కడి ఉద్యోగి పేర ఆ తరువాత వచ్చిన ఉత్తరం మీద 'వెళ్ళిపోయారు' అని రాసి తిప్పి పంపితే అది 410. ఊరికే 'దొరకలేదు' అని రాసి పంపితే 404. చాలా సైట్లు 410 ఇవ్వాల్సిన చోట కూడా 404తో సరిపెట్టేస్తాయి.

దొరికింది అంటుంది, దొరకలేదు

ప్రోగ్రాం రెండో వారానికి అంతా పచ్చగా చూపించింది. ప్రతి చిరునామాకు 200 అనే జవాబు వచ్చింది. 200 అంటే "ఇదిగో మీరడిగిన పేజీ" అని. మేము ఊపిరి పీల్చుకున్నాం. ఇంటర్ చదివే ఒక అమ్మాయి మాత్రం ఊరుకోలేదు. "దొరికిందంటుంది సార్, గానీ మనం అడిగింది ఇది కాదు" అంది.

ఆమె చెప్పిందే నిజం. ఒక సైటు తీసేసిన స్కాలర్‌షిప్ పేజీ కోసం వచ్చిన వాళ్ళను 302తో తన మొదటి పేజీకి పంపుతోంది. ఆ మొదటి పేజీ ఉంది కాబట్టి చివరికి 200 వస్తోంది. ఇంకొకటి లాగిన్ పేజీకి పంపుతోంది. అక్కడా 200. మందుల దుకాణానికి వెళ్ళమంటే కిరాణా కొట్టుకు వెళ్ళి, కొట్టు తెరిచే ఉంది అని చెప్పినట్టుంది మా ప్రోగ్రాం.

ఆ తండ్రిని మోసగించిన చిరునామా కూడా ఈ ప్రోగ్రాంలో పచ్చగానే కనిపించింది. అది చూశాక అందరం కాసేపు మాట్లాడలేదు. ఎవరి కోసం ఈ పని మొదలుపెట్టామో ఆయననే మళ్ళీ మోసగించే ప్రోగ్రాం రాశామని పిల్లలకు అర్థమైంది.

పైథాన్‌లో రిక్వెస్ట్స్ అనే ప్రసిద్ధమైన లైబ్రరీ వాడుతున్నాం. పేజీ తెమ్మంటే అది దారిమార్పులను తానే వెంబడించి చివరి జవాబు చేతిలో పెడుతుంది. 30 మలుపుల దాకా విసుగు లేకుండా వెళ్తుంది. నడిచి వచ్చిన దారిని కూడా చరిత్రగా దాచి ఉంచుతుంది. మేమే ఆ చరిత్ర చదవలేదు. పిల్లలు అప్పుడు పద్ధతి మార్చారు. తనంతట తాను వెంబడించవద్దని లైబ్రరీకి చెప్పి, ప్రతి మలుపు దగ్గర ఆగి నాలుగు ప్రశ్నలు వేసే భాగాన్ని సొంతంగా రాశారు. ఇది శాశ్వతమా, తాత్కాలికమా? కొత్త చిరునామాలో సైటు పేరు అదేనా, వేరేదా? తాళం గుర్తు ఉన్న సురక్షిత దారి నుంచి తాళం లేని దారికి పంపుతోందా? ఇప్పటికి ఎన్ని మలుపులయ్యాయి?

రెండో ప్రశ్న దగ్గర ఒక చిక్కు వచ్చింది. కొన్ని సైట్లు కొత్త చిరునామాను పూర్తిగా ఇవ్వవు. "పక్క వీధి, మూడో ఇల్లు" అన్నట్టు సగమే ఇస్తాయి. మనం ఎక్కడ నిలబడి ఉన్నామో దాన్నిబట్టి మిగతా సగం కలుపుకోవాలి. మూడో మలుపు దగ్గర నిలబడి మొదటి చిరునామాతో కలిపితే లేని వీధికి చేరతాం. పిల్లలు రెండు రోజులు ఆ లేని వీధిలోనే తిరిగారు.

తిరిగి తిరిగి అక్కడికే

ఒక సైటు దగ్గర ప్రోగ్రాం గిరగిరా తిరిగింది. మొదటి పేజీ రెండోదానికి పంపుతోంది, రెండోది మొదటిదానికి పంపుతోంది. ఆఫీసులో ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి తిప్పించుకున్న అనుభవం మనందరికీ ఉన్నదే. కారణం కుకీ. ఆ సైటు మొదట ఒక చీటీ ఇచ్చి, రెండో కిటికీ దగ్గర అది చూపించమంటోంది. పిల్లలు సొంతంగా రాసిన భాగం ఒక్కో మలుపుకు ఒక్కో కొత్త ఉత్తరం రాస్తూ ఆ చీటీని పారేస్తోంది. చీటీ దాచుకునేలా సరిచేస్తే తిరుగుడు ఆగింది.

ఎన్ని మలుపుల తరువాత ఆగాలి అన్నదానికి 1996 పత్రమే ఒక సలహా ఇచ్చింది. అయిదుకు మించి వెళ్ళవద్దని. తరువాతి నియమాల్లో ఆ అంకె తీసేశారు. ఆధునిక బ్రౌజర్లు 20 దాకా వెళ్తాయి. మేము అయిదే పెట్టుకున్నాం. అయిదు మలుపులు తిరిగితే గాని చేరలేని స్కాలర్‌షిప్ పేజీని పేద పిల్లల చేతికి ఇవ్వడం మంచిది కాదనిపించింది. ఎంతసేపు ఎదురు చూడాలో కూడా చెప్పాలి. చెప్పకపోతే రిక్వెస్ట్స్ లైబ్రరీ జవాబు రాని తలుపు ముందు తెల్లవార్లూ నిలబడుతుంది. ఒక రాత్రి అలాగే నిలబడింది.

తాళంచెవి ఎవరి చేతికి

అన్నిటికన్నా పెద్ద తప్పు మాది, పిల్లలది కాదు. ఏదైనా చిరునామా చెడిపోతే మాకు ఫోన్‌లో మెసేజ్ రావాలని కోరాం. దానికోసం మెసేజ్‌లు పంపే ఒక సేవను తీసుకున్నాం. వాళ్ళు ఒక రహస్య సంఖ్య ఇస్తారు. ప్రతి ఉత్తరం కవరు మీద ఆ సంఖ్య రాస్తేనే మెసేజ్ వెళ్తుంది. పిల్లలు దాన్ని అన్ని ఉత్తరాలకూ వర్తించే హెడర్లలో ఒకసారి రాసి పెట్టారు. మేము చూసి బాగుందన్నాం. దాని ఫలితం ఏమిటంటే, మెసేజ్ సేవకు మాత్రమే తెలియాల్సిన మన రహస్యం ముప్పైకి పైగా సైట్లకు, వాటి నుంచి మళ్ళిన కొత్త చోట్లకు, ఆ దొంగ పేజీకి కూడా రోజూ రాత్రి వెళ్ళింది. ఇంటి తాళంచెవిని ఊళ్ళోని ప్రతి గడపలో చూపించి వచ్చినట్టయింది.

అదృష్టం కొద్దీ ఎవరూ వాడుకోలేదు. ఆ రోజే పాత సంఖ్య రద్దు చేయించి కొత్తది తీసుకున్నాం. ఇప్పుడు మెసేజ్ సేవకు వెళ్ళే ఉత్తరం వేరు, సైట్లు చూడటానికి వెళ్ళే ఉత్తరం వేరు.

ఈ పొరపాటు మాలాంటి పల్లెటూరి తరగతికే పరిమితం కాదు. ప్రపంచమంతా వాడే కర్ల్ అనే సాధనంలో కూడా ఇలాంటి లోపం 2018 జనవరిలో బయటపడింది. దారి మారి వేరే సైటుకు వెళ్ళినప్పుడు అనుమతి హెడర్‌ను అక్కడికీ మోసుకుపోయేది. వెంటనే సరిదిద్దారు. అదే ఏడాది రిక్వెస్ట్స్ లైబ్రరీలో ఇంకొకటి దొరికింది. సురక్షిత దారి నుంచి తాళం లేని దారికి మళ్ళినప్పుడు అనుమతి హెడర్‌ను తీసేయకుండా పంపేది. దాన్నీ సరిదిద్దారు. ఇప్పుడు ఆ లైబ్రరీ సైటు పేరు మారగానే అనుమతి హెడర్‌ను తీసేస్తుంది. అయితే అది తనకు తెలిసిన పేరుతో ఉన్న హెడర్‌నే తీసేస్తుంది. మనం సొంతంగా ఒక పేరు పెట్టి రహస్యం రాస్తే అది రహస్యమని లైబ్రరీకి తెలియదు. మనకే తెలియాలి.

ఫారం నింపి పంపేటప్పుడు కూడా ఇంతే. 302 వస్తే బ్రౌజర్లు సాధారణంగా నింపిన వివరాలు వదిలేసి, కొత్త చోట పేజీ మాత్రం అడుగుతాయి. 307, 308 అనే దారిమార్పుల్లో అలా కాదు. నింపినదంతా అలాగే కొత్త చోటికి మళ్ళీ పంపాలి. ఆ నియమాలకు వాటి అవసరం వాటికుంది. కానీ ఆ కొత్త చోటు ఎవరిదో తెలియనప్పుడు మన బ్యాంకు నంబరు మన కళ్ళ ముందే ఇంకొకరికి చేరిపోతుంది. అందుకే మన ప్రోగ్రాం ఏ సైటులోనూ ఏ ఫారమూ నింపదు. దానికి ఏ విద్యార్థి పేరు గాని, ఆధార్ నంబరు గాని తెలియదు. తెలియనివ్వకూడదని తరగతి గోడ మీద రాసుకున్నాం.

యంత్రం ఆగే చోటు, మనిషి చూసే చోటు

ఇప్పుడు ప్రోగ్రాం రోజూ ఉదయానికి జాబితాను నాలుగు వరుసలుగా ఇస్తుంది. ఉన్నచోటే ఉన్నవి, అదే సైటులో శాశ్వతంగా మారినవి, తాత్కాలికంగా మళ్ళినవి, సైటు పేరే మారినవి. మొదటి మూడింటినీ యంత్రానికి వదిలేశాం. నాలుగో వరుసను మాత్రం ఇద్దరు విద్యార్థులు స్వయంగా తెరిచి చూసి, ఆ సంస్థ ఫోన్ నంబరుకు మాట్లాడి నిర్ధారించుకున్నాకే జాబితాలో ఉంచుతారు. పేరు మారితే అది మోసమే అని కాదు. నిజమైన సంస్థలు కూడా పేర్లు మార్చుకుంటాయి. మారిన పేరు వెనుక ఎవరున్నారో చెప్పడం ప్రోగ్రాంకు సాధ్యం కాదు. కొన్ని పేజీలు 200 అని జవాబిచ్చి, తెరుచుకున్న తరువాత పేజీలోపలి రాతతో మనల్ని వేరే చోటికి నెడతాయి. కవరు మాత్రమే చూసే ప్రోగ్రాంకు అది కనిపించదు. పాత సైటు పేరు అలాగే ఉండి, లోపల యజమాని మారినా కనిపించదు. అందుకే నెలకొకసారి మొత్తం జాబితాను మనుషులే తెరిచి చూస్తున్నారు.

దాతలకు ఒక మనవి. విరాళం అడుగుతూ మీ ఫోన్‌కు వచ్చే పొట్టి లింకులన్నీ దారిమార్పులే. నొక్కే ముందు కనిపించే పేరు కాదు, తెరుచుకున్న తరువాత పైన కనిపించే పేరు చదవండి. అది మీకు తెలిసిన పేరు కాకపోతే ఏమీ నింపకండి. సొసైటీ పేరుతో వచ్చినా సరే, ముందు మాకు ఫోన్ చేయండి.

ఈ సంచిక చివరి పుటలో కూడా జాబితా ఉంది. నిరుటికన్నా కొంచెం చిన్నది. ప్రతి చిరునామా పక్కన అది చివరికి చేరే సైటు పేరు, మేము చూసిన తేదీ వేశాం. అచ్చయిన తరువాత ఏదైనా మారితే ఆ సంగతి తరగతి గది నోటీసు బోర్డు మీద ఉంటుంది. ఆ తండ్రికి మొదటి ప్రతి మేమే తీసుకెళ్ళి ఇచ్చాం. ఆయన పుట తిప్పి, తేదీలున్న వరుస మీద వేలు పెట్టి చదివి, "ఇగ దీన్ని అంటిస్త సార్" అన్నాడు.